గొంతుకు అన్నం పెట్టిందెవరు?

రాత్రి రెండు దాటితే గానీ కాటి సీను రాదు. నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో 'సత్య హరిశ్చంద్ర' చూసిన ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. అప్పటికి పిల్లలు పట్టాల మీద ఎక్కడివాళ్ళక్కడ నిద్రపోయి ఉంటారు. వాళ్ళ అమ్మలు మాత్రం 'కాటి సీనొస్తే లేపు వదినా' అని పక్కావిడకి అప్పజెప్పి కునుకు తీస్తుంటారు. స్టేజీ మీద నల్లకంబళి కప్పుకున్న మనిషి, చేతిలో కర్ర. హార్మోనిస్టు కాలితో తొక్కుతూ శ్రుతి అందిస్తాడు. హరిశ్చంద్రుడు కళ్ళు మూసుకుని పద్యం ఎత్తుకుంటాడు. పద్యం అయిపోతుంది, రాగం మాత్రం అయిపోదు. అది పందిరి దాటి, గడ్డివాముల మీదుగా మిరప చేలల్లోకి వెళ్ళిపోతుంది. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో ఎవరికీ అంతుపట్టదు. ఆగీ ఆగగానే ముందు వరసలోంచి కేక... 'వన్స్‌మోర్!'

ఆ పద్యాలు కూడా ఈ నేలవే. నాటకం రాసింది పాత గుంటూరు జిల్లాలో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం, 1912లో. కాటి సీనులో జనం కాచుక్కూచునే శ్మశానం పద్యాలు మాత్రం ఆయనవి కావు, గుర్రం జాషువావి. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా. ఒకరి నాటకంలోకి ఇంకొకరి పద్యాలు వచ్చి చేరి, మళ్ళీ విడదీయలేనంతగా అతుక్కుపోయాయి. అంటరానివాడని దూరం పెట్టిన కవి పద్యాలకే ఊరి పెద్దలు పోటీలు పడి చదివింపులు చదివించారు. అన్నట్టు, జాషువా కూడా కొన్నాళ్ళు గొంతు మీదే బతికాడు. మూకీ సినిమాల రోజుల్లో రాజమండ్రిలో తెర పక్కన నిలబడి కథ చెప్పే ఉద్యోగం చేశాడు.

అంతా బాగానే ఉంది. మరి ఆ రాగం అలా తీయడానికి ఆ మనిషికి ఎన్నేళ్ళు పట్టింది? నేర్చుకునే ఆ ఏళ్ళలో అతనికి అన్నం పెట్టిందెవరు? నాటకం చూడ్డానికి వచ్చినవాళ్ళు ఈ సంగతి అడగరు. అడగాల్సిన పని కూడా లేదు. కానీ ఎవరో ఒకరు పెట్టి ఉండాలి కదా!

పద్యనాటకానికి కాలేజీ అంటే హార్మోనిస్టు ఇల్లే. పొలం పనులు తగ్గిన వేసవి రాత్రుల్లో ఆయనే ఊళ్ళోకి వచ్చి నెలల తరబడి నేర్పడమూ ఉంది. మొదటిరోజు రాగం మాటే ఎత్తడు. పద్యాన్ని ముక్కలు చేసి, అర్థం చెప్పి, మామూలు మాటల్లా పలికిస్తాడు. సంధి ఎక్కడ విప్పాలి, సమాసం ఎక్కడ విరవకూడదు, ఊపిరి ఎక్కడ పట్టాలి... ఇవన్నీ అయ్యాకే రాగం. ఉత్పలమాలకి పదో అక్షరం దగ్గర యతి అని పుస్తకం చెబుతుంది. అక్కడ ఆగితే మాట సగానికి తెగి చస్తుందని హార్మోనిస్టు చెబుతాడు. చదువు రానివాళ్ళు కూడా వందల పద్యాలు వినికిడి మీదే పట్టేశారు. ఫలానా పద్యం మోహనలో, ఫలానాది హిందోళంలో అని ఆయన ఎలా కడితే అలా.

శ్రుతి సంగతి ఇంకో తమాషా. కచేరీల్లో మగ విద్వాంసులు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో హాయిగా పాడుకుంటారు. స్టేజీ మీద కృష్ణుడు నాలుగు, ఐదు శ్రుతుల్లో పాడాలి. మైకులు రాకముందు అంత పైన పాడితేనే ఆఖరున ఎడ్లబండి మీద కూర్చున్నవాడి దాకా వినపడేది. మైకులు వచ్చాయి, అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. గొంతు నిలబడ్డానికి మిరియాల పాలు, బుగ్గన కరక్కాయ ముక్క. అంతకుమించి వైద్యం లేదు.

ఇక జీతం విషయం. హార్మోనిస్టుకి ఇచ్చుకోవాల్సింది నేర్చుకునేవాడే. కృష్ణుడి వేషం కట్టాలంటే కిరీటం కంటే ముందు కాస్త పొలం ఉండాలి. పొలం లేనివాడి గొంతు ఎంత బాగున్నా, ఊళ్ళో భజన దగ్గరే ఆగిపోయేది.

మైకు లేకుండా పాటతోనే కథ నడిపి, ఆఖరి వరస మనిషికి వినిపించడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు ఐరోపాలోనూ ఉన్నారు. వాళ్ళది ఒపేరా. మన లెక్కలో చెప్పాలంటే, వచనం కూడా పాటైపోయిన పద్యనాటకం. కాకపోతే ఒక్క హార్మోనియం బదులు అరవై డెబ్భై మంది వాద్యకారులు స్టేజీ ముందు గోతిలాంటి చోట కూర్చుంటారు. వాళ్ళందరి మీదుగా ఒక్క మనిషి గొంతు వినపడాలి. అదెలా సాధ్యమని శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. శిక్షణ పొందిన మగ గాయకుడి గొంతులో సెకనుకు సుమారు 3,000 కంపనాల దగ్గర ఒక ప్రత్యేకమైన బలం పుడుతుందట. వాద్యాల మోత ఆ ఎత్తున పలచబడుతుంది. ఆ సందులోంచి గొంతు దూసుకొస్తుంది. మనవాళ్ళు శ్రుతి పెంచి సాధించినదాన్ని వాళ్ళు గొంతు లోపలి ఆకారాన్ని మార్చి సాధించారన్నమాట. అది ఒక్క వేసవిలో వచ్చే విద్య కాదు, ఏళ్ళు పడుతుంది.

ఈ విద్యలో పేరుమోసిన దేశాల్లో బల్గేరియా ఒకటి. ఇటలీ అంటే అర్థముంది, ఒపేరా పుట్టిందే అక్కడ. బల్గేరియా చిన్న దేశం. 2021 లెక్కల ప్రకారం జనాభా 65 లక్షలు. 2011లో పాత గుంటూరు, కృష్ణా జిల్లాల జనాభా కలిపితేనే 90 లక్షలు దాటింది. అంత చిన్న దేశం నుంచి ప్రపంచంలోని పెద్ద పెద్ద ఒపేరా హాళ్ళకి గాయకులు వెళ్ళారు. ముఖ్యంగా మంద్రస్థాయి మగ గొంతులు. మనకు కృష్ణుడు పైశ్రుతిలో పాడితే ముద్దు. వాళ్ళకి రాజు నూతిలోంచి వచ్చినట్టు పాడితే ముద్దు!

బోరిస్ క్రిస్టాఫ్ సంగతే చూడండి. 1914లో ప్లావ్‌దివ్‌లో పుట్టాడు. చదివింది న్యాయశాస్త్రం. సరదాకి 'గుస్లా' అనే బృందంలో కోరస్ పాడేవాడు. ఆ గొంతు ఆ దేశపు రాజు చెవిన పడింది. నేర్చుకోవడానికి ఖర్చులిచ్చి 1942లో ఇటలీ పంపించారు. అక్కడ రికార్డో స్ట్రాచారి అనే పెద్ద గాయకుడు గురువు. మధ్యలో యుద్ధం, అగచాట్లు. 1946లో మొదటిసారి ఇటలీలో ఒపేరా స్టేజీ ఎక్కాడు. 1949లో లండన్‌లో 'బోరిస్ గొదునోవ్' పాడాడు. తర్వాత జీవితమంతా ఆ పాత్ర పేరు చెబితే ఆయనే గుర్తొచ్చాడు, మనకు హరిశ్చంద్ర అంటే డి.వి. సుబ్బారావు గుర్తొచ్చినట్టు. దానికి మూల్యమూ చెల్లించాడు. స్వదేశంలో ప్రభుత్వం మారింది, బయట ఉండిపోయినవాడి మీద అనుమానం పెరిగింది. 1967లో తల్లి అంత్యక్రియలకు గానీ సొంత గడ్డ మీద కాలు పెట్టలేకపోయాడు.

రాజు పోయాడు, కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. అన్నం పెట్టే చెయ్యి మాత్రం ఆగలేదు. 1929లో వెలిన్‌గ్రాడ్‌లో పేద ఇంట్లో పుట్టిన నికొలాయ్ గ్యౌరొవ్ సోఫియాలో హ్రిస్తో బ్రంబరోవ్ దగ్గర చేరాడు. బ్రంబరోవ్ స్వయంగా ఒపేరా గాయకుడు, తర్వాత మేష్టారు. అక్కణ్ణుంచి గ్యౌరొవ్‌ని మాస్కో సంగీత విద్యాలయానికి పంపించారు. చదువు పూర్తయ్యేసరికి 1955. ఆ ఏడే సోఫియాలో తొలి పాత్ర, ఆ ఏడే పారిస్ పోటీలో పెద్ద బహుమతి. 1959లో ఇటలీలోని లా స్కాలా. ఒపేరా వాళ్ళకి లా స్కాలా అంటే మన పాతకాలం నటులకు తెనాలి పరిషత్తు లాంటిదనుకోవచ్చు. అక్కడ మెప్పు పొందితే ఇంకెక్కడా పరీక్ష ఇవ్వక్కర్లేదు. అదే బ్రంబరోవ్ దగ్గర గేనా దిమిత్రోవా అనే పల్లెటూరి పిల్ల కూడా నేర్చుకుంది. బెగ్లెజ్ అనే ఊళ్ళో 1941లో పుట్టిన ఆమె, తర్వాత్తర్వాత ప్రపంచం మెచ్చిన గాయని అయింది. 1961 నుంచి సోఫియాలో యువ ఒపేరా గాయకులకు అంతర్జాతీయ పోటీలు పెట్టారు. ప్లావ్‌దివ్, వర్నా, రూసే లాంటి పట్టణాలకు కూడా సొంత ఒపేరా హాళ్ళు, నెలజీతాల గాయకులు ఏర్పడ్డారు. అంటే నేర్చుకోవడానికి చోటు, నేర్చుకున్నాక పనిచేయడానికి చోటు... రెండూ ఉన్నాయి.

ఇప్పుడు మళ్ళీ నరసరావుపేటకి వద్దాం. క్రిస్టాఫ్ కంటే ఆరేళ్ళు చిన్నవాడు, గ్యౌరొవ్ కంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడు ఒకాయన ఆ ఊళ్ళో సంగీతం నేర్చుకున్నాడు. పేరు షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో నిరుపేద ఇంట్లో పుట్టాడు. చిన్నతనంలోనే నాటకాల్లో చేరి ఆడవేషాలు కూడా కట్టాడు. పాడితే జనం చెవులు రిక్కించేవాళ్ళు. ఇలాంటి గొంతుకి శాస్త్రం కూడా తోడవ్వాలని నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య దగ్గర శిష్యుడిగా చేరాడు. గురువున్నాడు, గొంతుంది, ఆశ ఉంది. లేనిది పూటకింత తిండి. పేదరికం ఆ చదువును పూర్తిగా సాగనివ్వలేదు. తర్వాత పొట్టకూటికి కుట్టుపని చేశాడు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ పేరు ఎవరికీ తెలిసేది కాదు. ప్రజానాట్యమండలి ఉద్యమం ఆయన్ని బుర్రకథలోకి లాగింది. భుజాన తంబుర, వేళ్ళకి అందెలు, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. కథలో వీరావేశం పొంగితే గొంతు ఆకాశానికి, కరుణ వస్తే అదే గొంతు నేలకి. నరసరావుపేటలో పట్టుబడ్డ స్వరజ్ఞానం ఎంతో కొంత అందులో ఉండే ఉంటుంది. ఆయన చెప్పిన కథల్లో పేరుపొందినది 'పల్నాటి యుద్ధం'. పల్నాడులో సగంలో ఆగిన చదువు, పల్నాటి కథగానే జనంలోకి వెళ్ళిందన్నమాట. 1953లో 'పుట్టిల్లు' సినిమాలోనూ బుర్రకథ చెప్పాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చేసరికి ఆయనకు 66 ఏళ్ళు. 1997లో కన్నుమూశాడు. ఆత్మకథ పేరు 'పింజారి'. కులం పేరు పెట్టి పిలిచినవాళ్ళ నోటిమాటనే పుస్తకానికి అట్టగా వేసుకున్నాడు.

నాజర్ గెలిచాడు కదా, ఇంకేం అనొచ్చు. గెలిచాడు, నిజమే. మిషను ముందు కూర్చుని మళ్ళీ లేవనివాళ్ళు ఎంతమందో ఎవరు లెక్క రాశారు? గ్యౌరొవ్ వెనక ఒక విద్యాలయం ఉంది కాబట్టి ఆయనతో చదివినవాళ్ళ పేర్లు రిజిస్టర్లలో ఉంటాయి. హార్మోనిస్టు ఇంటి అరుగు మీద రిజిస్టరు ఉండదు.

అలాగని మన దగ్గర పోషణ అసలే లేదనడం అన్యాయం. కృష్ణా జిల్లా మైలవరంలో జమీందారు అండతో బాలభారతీ నాటక సమాజం నడిచింది. అక్కడ నటులకు జీతాలుండేవి. పద్యాలకు వరసలు కట్టి నేర్పడానికి పాపట్ల కాంతయ్య లాంటి సంగీతజ్ఞుడు ఉండేవాడు. కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు అక్కడే పదునెక్కింది. గ్రామఫోన్ రికార్డులతో ఇంటింటికీ వెళ్ళింది. నలభై ఏళ్ళైనా నిండకుండానే 1935లో ఆయన పోయాడు. జమీందారీ పోషణలో ఉన్న చిక్కల్లా ఒకటే. అది ఒక మనిషి ఇష్టం. ఆయనకి మోజు తగ్గినా, ఆస్తి తగ్గినా సమాజం మూతపడుతుంది. అందులో నేర్చుకున్నవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు.

తర్వాత వచ్చింది కాంట్రాక్టు నాటకం. ఊరివాళ్ళు కాంట్రాక్టరుకి బయానా ఇస్తారు. ఆయన గుంటూరు నుంచి ఒకర్ని, తెనాలి నుంచి ఇంకొకర్ని పిలిచి ఆ రాత్రికి ఒక జట్టు కడతాడు. కొందరు నటులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేది మేకప్ గదిలోనే. అందరికీ అవే పద్యాలు వచ్చు కాబట్టి నాటకం నడిచిపోతుంది. తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాల్లో పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. తెలియనివాళ్ళు నవ్వుకుంటారు గానీ దాని వెనక గొంతు లెక్క ఉంది. ఐదు శ్రుతిలో రాత్రంతా పాడితే ఏ కృష్ణుడి గొంతైనా తెల్లారేసరికి బొంగురుపోతుంది. ఆ దెబ్బ నుంచి తప్పించుకోవడానికే పాత్రని పంచుకున్నారు. పైగా ముగ్గురు కృష్ణులకి ఆ రాత్రి భోజనం దొరుకుతుంది.

పల్నాడులోనే ఇంకో గాన విద్య ఉంది. దానికి జమీందారూ లేడు, కాంట్రాక్టరూ లేడు. ఏటా కార్తీక అమావాస్యకి కారెంపూడిలో వీరుల ఉత్సవం మొదలై ఐదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు... బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, నాగమ్మ కథని వీరవిద్యావంతులు గానం చేస్తారు. చేతిలో కత్తి ఝళిపిస్తూ పాడే ఆ గొంతుకి సంగీత కళాశాలల కొలతలు పనికిరావు. తండ్రి పాడుతుంటే కొడుకు వంత పాడి నేర్చుకునేదే శిక్షణ. 1970ల్లో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇక్కడికి వచ్చి, ఆలిశెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడి నోట కథంతా రికార్డు చేసుకున్నాడు. 1982లో అది ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా వచ్చింది. పల్నాటి గొంతు ఒకటి లోకం చూసింది, అచ్చులో. ఉత్సవం ఉన్నంతకాలం ఈ విద్యకి చోటుంటుంది. అయితే ఐదు రోజుల ఉత్సవం ఏడాదంతా ఇల్లు గడిపించదు కదా.

బల్గేరియాలో కూడా అన్నీ సవ్యంగా సాగలేదు. 1989లో ప్రభుత్వం మారాక డబ్బు తగ్గింది, జీతాలు చాలలేదు. అకాడమీలో నేర్చుకున్న గొంతులు జర్మనీ, ఆస్ట్రియా దారి పట్టాయి. నేర్పేది ఒక దేశం, వినేది ఇంకో దేశం అయింది. పల్నాడు కథ దీనికి తిరగేసి ఉంటుంది. ఇక్కడ వినేవాళ్ళకి కొదవ లేదు. పద్యంలో ఒక్క అక్షరం జారితే పట్టుకునే ముసలి రైతు ఇప్పటికీ ముందు వరసలో ఉంటాడు. నేర్చుకునేవాడే తగ్గిపోయాడు. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల వెలుగులో రికార్డింగ్ డాన్సులు, పాటకచేరీలు వచ్చి పద్యాన్ని పక్కకి జరిపాయి. అది జనం తప్పనడానికి లేదు. పద్యం పాడేవాడే దొరక్కపోతే జనం మాత్రం ఏం చేస్తారు?

ప్రభుత్వం ఏమీ చేయడం లేదా అంటే, చేస్తోంది. వయసు మళ్ళిన కళాకారులకు పింఛన్లున్నాయి. అవి కావాల్సిందే, ఇంకా పెంచాల్సిందే. కాకపోతే అది పాట ఆగిపోయాక అందే సాయం. గొంతు విచ్చుకునే వయసు పదహారు నుంచి పాతిక. కేంద్ర సాంస్కృతిక శాఖకి ఆ వయసువాళ్ళ కోసమూ ఒక పథకం ఉంది. 18 నుంచి 25 ఏళ్ళ లోపు యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్ళపాటు ఇస్తారు. సంగీతం, నాటకం, జానపద కళలు అన్నీ అందులోకి వస్తాయి. మొత్తం 400 మందికి. జిల్లాకి కాదు, రాష్ట్రానికి కాదు, దేశమంతటికీ! పల్నాడులో ఏ పదహారేళ్ళ కుర్రాడైనా దీని పేరు విన్నాడా అన్నది అనుమానమే. అతనికి తెలిసిన గురువు సెల్‌ఫోన్. పాత రికార్డింగులు పెట్టుకుని పొలంలో పాడుకుంటాడు. రాగం పట్టుబడుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మాత్రం ఫోను చెప్పదు.

తెల్లారింది. లోహితాస్యుడు లేచి కూర్చున్నాడు, విశ్వామిత్రుడు మెచ్చుకున్నాడు, మంగళం పాడేశారు. హరిశ్చంద్రుడు కొబ్బరినూనెతో మొహం తుడుచుకుని, కంబళి మడిచి సంచిలో పెట్టుకుని, మొదటి బస్సుకి బయల్దేరతాడు. హార్మోనియం పెట్టె ఊళ్ళో కుర్రాడెవడో రోడ్డు దాకా మోసుకొస్తాడు. బస్సు కనపడ్డాక ఒక్కోసారి ధైర్యం చేసి అడుగుతాడు.

"అయ్యగారూ... కాటి సీనులో ఆఖరి పద్యానికి అంత సేపు రాగం తీశారు కదా, ఊపిరి ఎక్కడ పట్టారండీ?"

బస్సు ఆగింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

"ఆదివారం పేటకి రా. చూపిస్తాను," అంటాడాయన, పెట్టె పైకి అందుకుంటూ.